ఎంపీ గారు ఇప్పించిన లోయర్ బెర్తు

సికింద్రాబాద్‌లో రైలు ఉదయం ఆరున్నరకు కదిలింది. మా పెద్దమ్మ కూతురు విజయక్కా నేనూ ఢిల్లీ బయలుదేరడానికి కారణం ముందే చెప్పాలి. ఒక చట్టం గడువు తీరిపోతుందేమోనని మాకు ఆశ.

విజయక్క భర్త కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో జిరాక్స్ షాపు నడిపేవాడు. ఎవరో కరపత్రం తెచ్చి కాపీలు అడిగితే తీసి ఇచ్చాడు. పోలీసులు బావనూ మెషీన్‌నూ ఒకే జీపులో తీసుకుపోయారు; బావను జైల్లో, దాన్ని పోలీసు స్టేషన్ వరండాలో పెట్టారు. కేసు పెట్టింది బెయిలు దొరకని చట్టం కింద. ఏడాది దాటినా విచారణ మొదలు కాలేదు. నేను అలాంటి మెషీన్లు బాగుచేసే సర్వీసు ఇంజనీర్ని. అది దేన్నీ చదవదు, ఏదీ గుర్తుపెట్టుకోదు అని స్టేషన్‌కు వెళ్ళి వివరించాను. "అయితే నువ్వు చదివినవా?" అని నన్నడిగారు. అప్పటి నుంచి పోలీసులకు సాంకేతిక వివరణలు ఇవ్వడం మానేశాను.

ఆ చట్టాన్ని పార్లమెంటు పొడిగించకపోతే బెయిలుకు గట్టిగా వాదించవచ్చని వకీలు అన్నాడు. మా ఎంపీ ఊళ్ళో మైకు పట్టుకుని మరీ దాన్ని వ్యతిరేకిస్తానని మాటిచ్చాడు. ఆ మాట గుర్తుచేసి రావాలి. అదొక్కటే మా పని.

మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దిగి, జనక్‌పురిలో మూర్తి గారింటికి చేరాం. ఆయన నాన్నగారి స్నేహితుడు, గుంటూరు మనిషి, కేంద్ర ప్రభుత్వోద్యోగి. మా పని విని పెసరట్టు పళ్ళెం పక్కన పెట్టారు.

"గ్యాస్ కనెక్షన్ అడగవయ్యా, ఇస్తాడు. టెలిఫోన్ అడుగు, ఇస్తాడు. తిరుపతి దర్శనం కూడా ఇప్పిస్తాడు. చట్టం అడిగితే పాపం ఎక్కణ్ణుంచి తెస్తాడు?"

మూడోనాడు ఆరింటికే బస్సెక్కాం. కండక్టరు తలుపు రేకును అరచేత్తో కొడుతూ "చలో భయ్యా, ఆగే చలో" అని మమ్మల్ని ముందుకు, ఒకరి మీదకు ఒకర్ని నెట్టాడు. ఎంపీ బంగళాకు వెళ్ళేవారు ఎనిమిదిలోపే చేరాలి. ఆ తర్వాత ఇడ్లీ ఉండదు, ఎంపీ కూడా ఉండరు. వరండాలో పీఏ గారు ఒక్కొక్కర్నీ పిలిచి అడుగుతున్నారు.

"గ్యాసా, ఫోనా, రైలా?"

"చట్టమండీ" అన్నాను.

ఆయన పెన్ను ఆగింది. "అదే శాఖ కిందికొస్తుంది?"

"మా ఆయన జైల్ల ఉన్నడు సార్" అంది అక్క.

"బెయిలు మా చేతిలో ఉండదమ్మా. సరే, తిరుగు టిక్కెట్టు కన్ఫర్మ్ అయిందా?"

వెయిటింగ్ లిస్టు అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. టిక్కెట్టు తీసుకుని నంబరు రాసుకున్నారు. ఆ వరండాలో మేము కూడా మనుషులమయ్యాం.

ఎంపీ గారు ఇస్త్రీ లాల్చీలో వచ్చి, అక్క చెప్పిందంతా నిలబడే విన్నారు. నిజంగానే ఆయన కళ్ళు తడయ్యాయి. "ఏడ్వకు చెల్లె. ఇయ్యాల పగటీలి ఆ చట్టం బిల్లొస్తది. నేను లేచి మాట్లాడ్త. నువ్వే పైనుంచి చూద్దువు" అని మా ఇద్దరికీ గ్యాలరీ పాసులు రాయించారు.

గ్యాలరీకి వెళ్ళదలచినవారు సంచి, పెన్ను, కాగితం, దువ్వెన కిందే అప్పగించాలి. పైన మాట్లాడకూడదు, నవ్వకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ముందుకు వంగకూడదు. దువ్వెనతో ఏం చేస్తామని వాళ్ళ భయమో ఎవరూ చెప్పలేదు. మా ముందు వరుసలో ఒక ముసలాయన కునుకు తీస్తే, సిబ్బందిలో ఒకాయన వచ్చి భుజం తట్టి "సోనా మనా హై" అన్నాడు. నిద్ర కూడా పోకూడదట. అదే సమయంలో కింద ముగ్గురు సభ్యులు హాయిగా నిద్రపోతున్నారు. వాళ్ళ భుజం తట్టే అధికారం ఆయనకు లేదనుకుంటాను.

"మన ఎంపీ ఏ కుర్చీల ఉన్నడురా?" అక్క గుసగుసగా అడిగింది. ఇందాకటి సిబ్బంది మనిషి తన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. నేను వరుసకు వరుస చూశాను. సగం కుర్చీలు ఖాళీ. మా ఎంపీ లేడు.

బిల్లు వచ్చింది. ఒకరిద్దరు దాన్ని గట్టిగా తిట్టారు. తిట్టడానికి ఇచ్చిన సమయం అయిపోయిందని గంట మోగింది. కావాలన్నవారు ఒకసారి అరిచారు, వద్దన్నవారు ఒకసారి అరిచారు. కావాలన్నవారే గెలిచారని అధ్యక్షస్థానంలో ఉన్నాయన ప్రకటించాడు. చట్టానికి ఇంకో రెండేళ్ళ ఆయుష్షు. మా మెషీన్ వేడెక్కి మొదటి కాపీ ఇవ్వడానికి ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

సాయంత్రం టిక్కెట్టు కోసం మళ్ళీ బంగళాకు వెళ్ళాం. ఎంపీ గారు చెమటలు తుడుచుకుంటూ ఎదురొచ్చారు.

"చెల్లె, నీ పని అయింది! పీఏను పంపితే గాదని నేనే రైల్వేవాళ్ళ ఆఫీసుకు పోయి కూసున్న. ఇద్దరికీ బెర్తులు. నీకు లోయరు!"

"బిల్లు పాసైంది సార్" అంది అక్క.

"అయిందా? అయితది లే. నా ఒక్కని ఓటుతోని ఆగుతదా?"

"నేనొక్కదాన్ని నిలబడి పోతే రైలు ఆగుతుండెనా సార్? దానికైతే పోయిన్రు."

ఎంపీ గారు నవ్వబోయి మానుకున్నారు. "వీళ్ళకు చాయ్ తీస్కరాండ్రి" అని లోపలికి కేకేశారు. చాయ్ బాగుంది. అల్లం వేశారు.

రైల్లో టీసీ చార్టు చూసి, మా పేర్ల పక్కనున్న గుర్తు చూసి గొంతు తగ్గించాడు. "ఎంపీ గారి మనుషులా? ఫ్యాను తిరుగుతోందా అమ్మా?" ఫ్యాను తిరిగింది. ఢిల్లీ వెళ్ళేవారికి నా అనుభవంగా చెప్పగలిగేది ఇది: అక్కడ అందరూ మంచివాళ్ళే, అడిగినదానికి పక్కనున్నదల్లా ఇస్తారు.

ఫరీదాబాద్ దాటాక అక్క అడిగింది. "ఆదివారం జైలుకు ములాఖత్‌కు పోతే ఆయనకేం చెప్పాలెరా?"

నేను సంచిలోంచి దుప్పటి తీశాను.

"పార్లమెంటు గుండ్రంగ ఉన్నదని చెప్త" అని తనే అనుకుని, "పోలీస్ స్టేషన్ వరండాల మెషీన్ ఇంకో రెండేండ్లు గట్లనే ఉంటదా?" అంది.

ఇది నాకు తెలిసిన విషయం. వాన జల్లుకు డ్రమ్ము చెడిపోతుందనీ, కదలకుండా ఉంటే రోలర్లు గట్టిపడతాయనీ, రెండేళ్ళ తర్వాత దాన్ని నేను కూడా బాగుచేయలేననీ వరసగా చెప్పాను.

"మరి మనిషి?" అంది.

ఎంపీ గారు ఇప్పించిన లోయర్ బెర్తు మీద దుప్పటి పరిచి ఇచ్చాను. అక్క పడుకోలేదు. తెల్లారి నాగపూర్ చేరేదాకా దాని మీద కూర్చునే వచ్చింది.