అద్దాల వెనక వరండా

ఆ రోజుల్లో ఆర్కిటెక్టు తనంతట తాను వెళ్ళి పని అడగడం మర్యాద కాదు. నేను పనిచేసే ఆఫీసు యజమాని, మా సార్, ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. గుమ్మం పక్కన అరచేయంత ఇత్తడి బోర్డు ఉండేది. చదవాలంటే మెట్లెక్కి దగ్గరికి రావాలి. పెద్దది పెడదామంటే, డాక్టరు వీధిలోకొచ్చి ఎవరికైనా జ్వరముందా అని అడుగుతాడా అనేవారు. గోదావరి జిల్లా మనిషి. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ళ నోరు మూయించగలరు.

ఆయనకి ఇంకో అలవాటు. ఇల్లు గీయమని వచ్చినవాళ్ళ పాత ఇంటికి వెళ్ళి, కాఫీ తాగి వచ్చేదాకా పెన్సిల్ పట్టరు. చెప్పులెక్కడ విడుస్తున్నారు, తడి తువ్వాళ్ళు ఎక్కడ ఆరేస్తున్నారు, పెద్దావిడ ఏ కిటికీ దగ్గర కూర్చుంటోంది, అన్నీ చూసొచ్చి లోపలి నుంచి గీత మొదలుపెట్టేవారు. ఇంటి ముందు భాగం చిట్టచివర గీసేవారు. లోపల కుదిరితే మొహం దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం.

తొంభైల చివరికొచ్చేసరికి ఆ నమ్మకంతో ఆఫీసు నడవడం కష్టమైంది. చందానగర్ వైపు సొంత ఇల్లు కట్టుకుందామనుకున్నవాళ్ళు ఫ్లాట్లు కొనుక్కోసాగారు. ఫ్లాట్లు కట్టే బిల్డర్ల దగ్గర ప్లాన్లు గీసేవాళ్ళు జీతానికే ఉన్నారు. ఇటు మాదాపూర్‌లో బండలు పేల్చి మేడలు లేపుతున్నారు. నాతో చదువుకున్నవాళ్ళు టైలు కట్టుకుని కంపెనీల చుట్టూ తిరుగుతున్నారు. మా ఆఫీసులో ఫోను మోగిందంటే రాంగ్ నంబరే. వేసవి దాటేలోగా పెద్ద పని రాకపోతే ఆఫీసు మూసేద్దామని సార్ ఒకరోజు, టీ చల్లారిందని చెప్పినంత మామూలుగా చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. మీరు అడగకపోతే నేనే వెళ్ళి అడుగుతానన్నాను. ఆయన వద్దనలేదు.

అలా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దొరికింది. మాదాపూర్ దాటాక స్థలం కొన్నారు. అప్పటికి అమీర్‌పేటలో ఒక అద్దె అపార్ట్‌మెంటులో పనిచేస్తున్నారు. ముందు అక్కడికి వెళ్ళి చూద్దామన్నారు సార్. మధ్యాహ్నం వెళ్ళాం. కుర్రకారంతా మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో టిఫిన్ డబ్బాలు పెట్టుకుని తింటున్నారు. పైకెళ్ళే దారి లేక కిందే నిలబడ్డాం. వాచ్‌మన్ ఒక స్టూలు తెచ్చి సార్‌కి వేశాడు.

“రోజూ గిట్లనే సార్. ఏసీ రూముల కూర వాసన వస్తదని లోపల తిననియ్యరు,” అన్నాడు.

వాళ్ళు తిని లేచేదాకా సార్ ఆ స్టూలు మీదే కూర్చుని చూశారు.

కంపెనీవాళ్ళకి మా ప్లాను చూపించాల్సిన రోజు వచ్చింది. మాకంటే ముందు వెళ్ళినవాళ్ళు రంగురంగుల మేడల బొమ్మలు చూపించారట. మా సార్ బల్ల మీద ట్రేసింగ్ కాగితం పరిచి మొట్టమొదట చూపించింది అన్నం తినే వరండా. స్థలం వెనక, తూర్పు వైపున్న పెద్ద బండని పగలగొట్టకుండా దాని పక్కనే గీశారు. మధ్యాహ్నానికి అక్కడ నీడ పడుతుందని ఓపిగ్గా చెప్పారు. వాళ్ళ మేనేజరు మంచివాడే. అంతా విన్నాడు.

“బాగుందండి. కానీ ఫ్రంట్ వ్యూ ఏదీ? మా ఇన్వెస్టర్లకి చూపించాల్సింది అదేనండి,” అన్నాడు.

మేం ముందు భాగం గీయనేలేదు. అంత పెద్ద పనికి భవనం మొహం లేకుండా వెళ్ళినవాళ్ళం ఊరు మొత్తం మీద మేమే అయ్యుంటాం. వరండా తీసేస్తే ఇంకొన్ని కంప్యూటర్లు పడతాయి కదా అని కూడా అన్నాడాయన. ముందు భాగం గీసుకుని మళ్ళీ రమ్మన్నాడు.

మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళేసరికి సార్ బల్ల మీదికి వంగి ఉన్నారు. కొత్త కాగితం మీద, మొదటి గీత నుంచీ, ముందు భాగమే గీస్తున్నారు. రోడ్డున్న పడమటి వైపు నేల నుంచి పైదాకా అద్దం. పడమటెండకి అద్దం పెడితే లోపల మనుషులు ఉడికిపోతారని నాకు నేర్పింది ఈయనే. ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుని, ఆ బొమ్మకి కంప్యూటర్ మీద రంగులు వేయించడానికి తీసుకెళ్ళాను. లోపలి ప్లాను మాత్రం ఆయనే మళ్ళీ గీశారు.

పని మాకే వచ్చింది. ఆఫీసు నిలబడింది. దాని పేరు వెనక అసోసియేట్స్ చేరింది. రోడ్డు మీదికి కనబడే బోర్డు, నిగనిగలాడే విజిటింగ్ కార్డులు వచ్చాయి. సార్ తన కార్డులు ఎవరికీ ఇవ్వకుండా వెనక తెల్లటి వైపు స్కెచ్‌లు గీసుకునేవారు. సైటు ఆయన చూసుకున్నారు. నేను కొత్త పనుల కోసం కంపెనీల వెంట తిరిగాను. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ తిరుగుడు నాకు బాగా అబ్బింది.

భవనం పూర్తయి కంపెనీ అందులోకి మారాక, దారిలో పనుండి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. ముందు అద్దాలకి లోపల్నుంచి అప్పుడే తెరలు దించేశారు. జనం ఏరీ అనుకుంటూ వెనక్కి నడిచాను. బండ అలాగే ఉంది. దాని పక్కన నీడలో పొడవాటి వరండా. గట్టు నిండా కుర్రకారు డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య మేనేజరు కూడా చొక్కా చేతులు పైకి మడిచి పెరుగన్నం కలుపుకుంటున్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆఫీసుకి పరుగున వచ్చి, వాళ్ళు వద్దన్న వరండా ఎలా వచ్చిందని సార్‌ని అడిగాను. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ నవ్వారు.

“ప్లానులో దాని మీద, జనరేటరూ పైపులూ పెట్టే చోటన్నట్టు, సర్వీస్ ఏరియా అని రాశానమ్మా. అలా రాస్తే ఎవరూ చూడరు. నువ్వూ చూడలేదు.”