గుండ్లకమ్మలో లేని పడవ

మా చిన్నమామ కాలం చేశాడని మొన్న మంగళవారం, ఆయన చివరిరోజుల్లో ఉన్న గిద్దలూరు నుంచి కార్డు వచ్చింది. మామ అంటే మా అమ్మకు స్వయానా తమ్ముడు. ఆదివారంనాడు మార్కాపురం రీడింగు రూములో సంతాపసభ జరిపారు. పచ్చని ప్రకృతిని ఆరాధించిన చిత్రకారుడని ముగ్గురు పెద్దమనుషులు ఒకరి తరువాత ఒకరు చెప్పారు. ముగ్గురూ తప్పే చెప్పారు. ఈ తప్పు అచ్చులోకి ఎక్కి స్థిరపడకముందే దిద్దాలని ఇది రాస్తున్నాను.

మామ మద్రాసులో చిత్రకళ నేర్చుకున్నాడు. తోటివాళ్ళు జమీందార్ల ముఖాలు గీయడానికి పోతే ఈయన మార్కాపురం తిరిగివచ్చి బడిలో డ్రాయింగు మేష్టరుగా చేరాడు. సెలవు దొరికితే చాలు, పుల్లలచెరువు వైపో నల్లమల అంచుకో నడిచిపోయేవాడు. ఆయన గీసిన చిత్రాలు నలభై ఒకటి. జాబితా నా దగ్గర ఉంది. మూడింటిలోనే నీళ్ళున్నాయి, ఆ మూడూ కంభం చెరువే. తక్కినవన్నీ బీళ్ళు, బోడికొండలు, ఎండ. ఇందులో పచ్చని ప్రకృతి ఎక్కడుందో ఆ వక్తలే చూపాలి.

ఆయన మిట్టమధ్యాహ్నమే పనిచేసేవాడు. తలమీద తడిగుడ్డ వేసుకొని కూర్చునేవాడు. కొండల బూడిదరంగు కోసం మన పలకరాతినే మెత్తగా పొడిచేసి, అవిసెనూనెలో నూరుకొనేవాడు. ఒకసారి నేను అన్నం తీసుకొని పోయినప్పుడు ఒక గొర్రెలకాపరి వెనుక నిలబడి బొమ్మను చూస్తున్నాడు.

"ఏంది సామీ, నా గొర్రెలకు తలకాయలు లేకుండా చేసినావు?"

"నీ మందను చూసి చెప్పు. ఎన్ని తలకాయలు కనపడతాండాయి?"

అతను తిరిగి చూశాడు. ఎండకు ఓర్వలేక ప్రతి గొర్రే తన తలను పక్కదాని పొట్టకింది నీడలో దూర్చి నిలబడింది. కాపరి నవ్వాడు. "పుట్టినకాడ్నుంచి వీటెనకే తిరుగుతాండా. నాకే తెలియకపాయె."

అట్లాంటి చూపు ఆయనది. "నేను కంటితో చూడంది నా చేత గీయించొద్దు" అనేవాడు. బడిలో పిల్లలతోనూ అదే మాట, అధికారులతోనూ అదే మాట. అందుకే ఆయనకు స్నేహితులు తక్కువ.

ఒక కరువు ఏడాది బావులన్నీ ఎండిపోయి, మా ఊరి ఆడవాళ్ళందరూ గుండ్లకమ్మ ఏటి ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీళ్ళను చిప్పలతో తోడుకొనేవాళ్ళు. మా అమ్మ కూడా పోయేది. మామ ఆ ఏటిని గీశాడు. ఆయన చిత్రాల్లో అదే పెద్దది. తెల్లటి ఇసుక, వెనుక కొండలు, మధ్యలో చెలమ ముందు వంగి కూర్చున్న మా అమ్మ. ముఖం కనపడదు, వీపే కనపడుతుంది. అమ్మ ఆ మరుసటేడు పోయింది. ఆమెకు ఫొటో లేదు. లోకంలో ఆమె ఆనవాలు ఆ ఒక్కటే. పదిమందీ చూడాలని మామ దానిని రీడింగు రూముకు ఉచితంగా ఇచ్చాడు.

పన్నెండేళ్ళ కిందట దొరగారెవరో వస్తున్నారని రీడింగు రూము ప్రెసిడెంటుగారు మామను పిలిపించారు. నేనూ వెంట ఉన్నాను.

"మేష్టరుగారూ, ఏట్లో రెండు బిందెల నీళ్ళన్నా పోయండి. దొర చూస్తే మనది కరువు తాలూకా అనుకుంటాడు."

"కాదా ఏంది?"

"కావచ్చు. గోడకు కట్టి చూపించాల్నా?"

"దొర వచ్చేది మన కష్టం చూడను కాదా? చూడనీండి."

మామ లేచి వచ్చేశాడు. ప్రెసిడెంటుగారు నాటకాల తెరలు గీసే మనిషిని పిలిపించి పని కానిచ్చారు. నిండు ఏరు, ఒడ్డున కొబ్బరిచెట్లు, నీళ్ళమీద తెరచాప ఎత్తిన పడవ. గుండ్లకమ్మలో తెరచాప పడవ! ఆ పడవ సరిగ్గా మా అమ్మ మీదనే వేశారు.

మామ వచ్చి చూశాడు. వేలు తడిచేసి ఒక మూల రుద్దాడు. వేలికి నీలం అంటింది.

"తెరలకు వేసే జిగురు రంగు. తడిగుడ్డతో పోతుంది. కింద నాది నూనెరంగు, దానికేం కాదు."

"అయితే తుడువు మామా."

"పూసింది వాళ్ళు, అమ్మాయ్. తుడవాల్సిందీ వాళ్ళే."

ఆ తరువాత ఆయన ఆ గడప తొక్కలేదు. 'నా చిత్రంమీద పూసినది తుడిపించ ప్రార్థన' అని ప్రతి ఉగాదికీ ఒక కార్డు రాసేవాడు. పన్నెండు కార్డులు రాశాడు. నకళ్ళు నావద్ద ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు లేదు. మర్యాదస్థులైన చదువరులారా, జవాబుకు కావలసింది ఒక తడిగుడ్డ.

ఆదివారం ఆ చిత్రానికే, ఆ పడవకే, బంతిపూల దండ వేశారు. ఆ పడవనే చూపిస్తూ ప్రకృతి ఆరాధన గురించి చెప్పారు. చివర నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను లేచి చెంబెడు నీళ్ళు అడిగాను. దాహమనుకొని తెచ్చి ఇచ్చారు. దండ తీసి బల్లమీద పెట్టి, పైటచెంగు తడిపాను.

"అమ్మా, అమ్మా, బొమ్మ పాడైపోతుంది" అని ప్రెసిడెంటుగారు లేచారు.

"పాడై పన్నెండేండ్లాయె నాయనా. కూర్చో."

తెరచాప పోయింది. పడవ పోయింది. ఏరంతా నీలంగా కారి గోడమీదినుంచి నేలకు దిగింది. పైనున్న కొబ్బరిచెట్లు నాకు అందలేదు. నిచ్చెన తెచ్చి అవి కూడా తుడిపించండని ప్రెసిడెంటుగారికి నిన్న కార్డు రాశాను. ఇది పదమూడోది.

ఇప్పుడు ఎవరైనా పోయి చూడవచ్చు. తెల్లటి ఇసుక, ఎండ. చెలమ ముందు మా అమ్మ వంగి కూర్చొని ఉంది. కుండ ఇంకా నిండలేదు. చిప్ప ముంచి, నీళ్ళు ఊరేదాకా చెయ్యి కదపకుండా చూస్తోంది.