చుట్టి దాచిన పరుపు

ఆమెను అందరూ గాలక్క అనేవారు. కొండలెక్కేవాళ్ళకు గుడారాలు, సంచులు, పరుపులు అద్దెకిచ్చే దుకాణంలో పని. మూత తిప్పితే చాలు, లోపలి స్పాంజి తనంతట తానే గాలి పీల్చుకుని లేచే పల్చటి పరుపులవి. వాటికి చిల్లులు పూడ్చేది గాలక్కే. నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ వచ్చినచోట సున్నా చుట్టి, ఆరాక అతుకు వేసేది. ఆ తర్వాత వెనక గదిలో సిమెంటు నేల మీద పరిచి, అరగంట దాని మీద పడుకోవాలి. తుంటి నేలకు తగిలిందా, పని మళ్ళీ మొదటికొచ్చినట్టే. "పడుకుని జీతం తీసుకునే మహారాణి" అని తోటివాళ్ళు ఏడిపించేవారు.

మహారాణి బాధ మహారాణిది. ప్రతి పరుపూ కొండ మీద పడుకుని వచ్చిందే. ముడతల్లో ఎండుగడ్డి, పొగ వాసన, ఒక్కోసారి చచ్చిన చీమ. "నువ్వు కూడా వెళ్ళొచ్చావటే!" అని ఆ చీమ మీద కూడా కుళ్ళుకునేది. ఎంత చిన్న కోరిక, చూడండి! ఒక్క రాత్రి కొండ మీద పడుకోవాలి, అంతే. దుకాణంలో చేరిన ఏడే పుట్టిన కోరిక. ఆ ఏడు అత్తగారు మంచాన పడింది. తర్వాత పురుళ్ళు, ఆ తర్వాత పిల్లల పరీక్షలు. "వచ్చే ఏడు చూద్దాంలే" అనీ అనీ మొగుడు కూడా కన్నుమూశాడు.

పద్దెనిమిదేళ్ళకు దుకాణం యజమానురాలికే బుద్ధి పుట్టింది.

"అక్కా, శనివారం కొండకెళ్ళే జట్టుతో నువ్వూ వస్తున్నావు. మంచి పరుపు ఒకటి తీసి పెట్టుకో."

"నాకు సొంతది ఉందమ్మా" అంది గాలక్క గర్వంగా.

ఉంది మరి. చేరిన ఏడే కొనుక్కుంది. పరిచి ఉంచితే ఇంట్లో తలొకరూ దొర్లుతారని, కంటపడితే కడుపు తరుక్కుపోతుందని, గట్టిగా చుట్టి, మూత బిగించి, బీరువా అడుక్కి తోసేసింది. "మూత తీసి పరిచి ఉంచండి బాబూ, చుట్టేస్తే స్పాంజి చచ్చిపోతుంది" అని వచ్చినవాళ్ళందరికీ నోరు నొప్పి పుట్టేలా చెప్పిన మనిషే!

శుక్రవారం దుకాణానికి తెచ్చి మూత తిప్పింది. పది నిమిషాలు చూసింది, ఇరవై చూసింది. లేవలేదు. నోటితో ఊదితే ఒక మూల బుగ్గలా ఉబ్బి, మిగతాదంతా అట్టలా ఉండిపోయింది. తొట్టిలో ముంచింది. ఒక్క బుడగా లేదు. చిల్లయితే పూడ్చుకునేది. ఆ తొట్టి పక్కనే చతికిలబడి ఏడ్చేసింది.

"పోనీలే అక్కా, ఇక్కడ నలభై ఉన్నాయిగా" అంది యజమానురాలు.

"నలభైటి మీదా పడుకున్నాను. మళ్ళీ ఆ వెనక గదిలో ఉన్నట్టే ఉంటుంది. నాదే తెచ్చుకుంటా."

"నీ మొండితనం తగలెయ్య!"

ఆదివారం తెల్లారేసరికి కొండ మీద అందరూ ఒళ్ళు విరుచుకుంటూ గుడారాల్లోంచి బయటికొచ్చారు. గాలక్క అప్పటికే బయట, చచ్చిన పరుపు మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిద్ర పట్టలేదు కదూ? రాళ్ళు గుచ్చుకుంటాయని చెప్తే విన్నావా?" అంది యజమానురాలు.

"రాళ్ళ సంగతి నాకేం తెలుసమ్మా, పడుకుంటే కదా! నిద్రపోతే తెల్లారిపోతుందని భయమేసింది. రాత్రంతా ఇలాగే కూర్చున్నాను."

కుర్రకారు అప్పుడే గుడారాల మేకులు పీకుతున్నారు. గాలక్క కంగారుగా అటు చూసింది.

"ఇంకొక్క గంట ఉందామా?"