తాళం వేసిన కార్ఖానాల టోపీల సినిమాలు

మొన్న కరీంనగర్‌ల ఒక సభకు పోయిన. పాత ఇంగ్లీషు నేరాల సినిమాల మీద ఒక పెద్ద చదువులాయన మాట్లాడిండు. నలుపు తెలుపు అన్నడు, నీడలు అన్నడు, తప్పించుకునే తొవ్వ లేని మనిషి అన్నడు. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. నేను కొట్టలే. ఆ సినిమాలు నేనూ చూసిన, వీడియో క్యాసెట్ల మీద, బయట తాళం వేసిన కార్ఖానాల నిలబడి. వాటి గురించి చెప్పే హక్కు నాకూ ఉన్నది. బడి నాకు చిన్నప్పుడే అయిపోయింది, మిగిలింది గ్రంథాలయం బల్లల మీద నేర్చుకున్న. తప్పులుంటే ఉండనీ.

ఎనభైల చివరి మాట. మాది సాంచాల ఊరు. మరమగ్గాన్ని మేము సాంచా అంటం. ఒక్కొక్కరం నాలుగు సాంచాలు నడిపేది. పొద్దున లోపలికి పోతే పొద్దు మునిగేదాక అండ్లనే. ఆ చప్పుడుకు పక్కోని చెవుల నోరు పెట్టి ఒర్లినా ఇనపడది. అందుకని పెదవులు చూసి మాట్లాడుకునేది, చేతులతోని సైగలు చేసేది. బొటనవేలు నోటి దిక్కు పోతే చాయ్. మీసం మెలేస్తే సేటు వస్తుండు.

సేటుకు ఒక్కటే ఫికర్, మేము సాంచాలు ఇడిచిపెట్టి పోతమని. చాయ్‌కని పోయినోడు మ్యాట్నీల కూసుంటడని అనుమానం. మేము లోపలికి రాంగనే జాలీ గేటుకు బయట తాళం పెట్టి, తాళంచెవి జేబుల ఏసుకొని పోయేది. మేము గులిగినం. గులిగితే ఏం జేసిండు, టీవీ, వీసీఆర్ తెచ్చి గోడకు బల్ల కొట్టి పెట్టిండు. సినిమానే మీ కాడికి తెచ్చిన, ఇంక బయట మీకేం పని అన్నడు.

తెలుగు సినిమా పెడితే పాట వినాలని సాంచాలు ఆపుతరని ఆయన భయం. ఇంగ్లీషుదైతే వినే పనే లేదు. వీడియో దుకాణంల ఎవరూ అడగని పాత క్యాసెట్లు దుమ్ము పట్టి ఉండె, దుబాయి పోయినోళ్ల సంచులల్ల వచ్చినవి. అవే మాకు తెచ్చేది. ఏది ఏసినా టోపీ, పొడుగు కోటు, వాన, సిగరెట్టు పొగ. ఒక ఆడమనిషి నమ్మిస్తది, ఈయన పోయి ఖూనీల ఇరుక్కుంటడు.

మాటలు ఇనపడవు కాబట్టి కథ మేమే అల్లుకునేది. నాకు ఇంగ్లీషు అక్షరాలు వస్తయని అందరూ నన్నే అడుగుదురు. నాకు మాత్రం ఏం ఇనపడ్డది? పెదవులు చదువుదామంటే అవి ఇంగ్లీషు పెదవులాయె. ఒకసారి కిటికీ చెక్కల నీడ చారలు చారలుగా ఆ టోపీ ఆయన మొఖం మీద పడ్డది. గేటు పక్క సాంచాల మీద ఉండే మా ముసలాయన పెదవులతోనే అన్నడు, "వీని మీద పడుగు పోగులు ఏసిండ్రే." నవ్వుతుంటే నాకు పోగు తెగింది. ముడేసి తలెత్తి చూస్తే, గేటు చువ్వల నీడ ముసలాయన మొఖం మీద అట్లనే పడి ఉన్నది.

నా పక్క సాంచాలు మా మేనత్త కొడుకువి, నాకు బావ. ఆయన భార్య నిండు నెలలతో ఉండె. మొదటి కాన్పుల బిడ్డ దక్కలే, ఆమె గూడ చావు దాకా పోయి వచ్చింది. ఈ నాలుగు దినాలు గేటు తాళం తీసి పెట్టుమని బావ సేటును బతిమిలాడిండు.

"నొప్పులు ఆమెకా, నీకా?" అని సేటు నవ్విండు.

ఒకనాడు మధ్యాహ్నం మా మేనత్త గేటు కాడికి వచ్చింది. గేటు కాడికి ఆడోళ్లు, పోరగాండ్లు రావడం మాకు అలవాటే, చువ్వల సందుల నుంచి టీవీ చూస్తుందురు. వాళ్లు నిలబడితే ముసలాయనకు ఎలుతురు ఆగుతది. ఆయన ఆమెను గూడ గట్లనే అనుకొని జర పక్కకు జరుగు అని చెయ్యి ఊపిండు. ఆమె ఒర్లింది. ఏడుస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, పెదవులు కనపడలే. గేటు గుద్దింది. మేమందరం టీవీ దిక్కు మొఖం పెట్టి ఉన్నం.

మేనత్త పుట్టింది, మెట్టింది సాంచాల ఇండ్లల్లనే. బయటి గోడకున్న ఫ్యూజు పెట్టె తెరిచి ఫ్యూజు పీకేసింది.

సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయినయి. టీవీల టోపీ ఆయన పోయిండు. ఆ నిశ్శబ్దంల ఆమె గొంతు మా చెవులల్ల గుచ్చుకున్నది.

"కొడకా, రక్తం పోతున్నది. దవాఖానల కోసి తీయాలంటుండ్రు. నీ దస్కత్ కావాల్నట."

తాళంచెవి సేటు జేబుల, సేటు కరీంనగర్‌ల. బావ గేటు పట్టుకొని ఊపుతుండు. ఇనుప రాడ్ పట్టుకొని మొదలు వచ్చింది ముసలాయన. ఎవల మొఖం చూడలే. తాళం మీద కొడుతనే ఉన్నడు. తాళం పలిగినంక బావ చెప్పులు గూడ లేకుండ ఉరికిండు, నెత్తి నిండ దూది నూగుతోని.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా దక్కిండ్రు.

తెల్లారి సేటు కొత్త తాళం పట్టుకొని వచ్చిండు. సాంచాలు షురూ కాకముందే మమ్మల్ని నిలబెట్టిండు. టీవీ కావాల్నా, గేటు తెరిచి పెట్టాల్నా, ఒక్కటే చెప్పుమన్నడు. సాంచాలు ఆగే ఉన్నయి గని, నా ఎదురుంగ ఉన్నోడు పెదవులతోనే నాకు చెప్పిండు, టీవీ ఉండనీయరాదే అని. ఆ పెదవులు తలుచుకుంటే నాకు ఇయ్యాల్టికీ రగులుతది. వాని మీద కాదు. మనిషిని అట్లా కోరుకునేటట్టు చేసినోని మీద.

బావ అన్నడు, "తాళం వద్దు సేటు. నా బిడ్డ మొఖం చూడనీకి నిన్ను అడుక్కోవాల్నా?"

ముసలాయన పోయి టీవీ వైరు పీకి, చుట్ట చుట్టి సేటు చేతుల పెట్టిండు. సేటు టీవీ ఎత్తించుకొని పోయిండు. తాళం ఏయలే.

నాలుగు దినాలు కొందరు బావతోని మాట్లాడలే. సగం చూసిన క్యాసెట్‌ల ఖూనీ ఎవడు జేసిండో తెల్వకుండ చేసిండని కోపం. బావకు మాత్రం పని నడుమ పోయి బిడ్డను చూసి రావాల్నని ఉండె. నీ సాంచాలు నేను చూస్త, పో అని సైగ చేసిన. తెరిచిన గేటు దాక పోయిండు. ఎండల కాలు పెట్టి ఎనక్కి తిరిగి చూసిండు. ఆయన సాంచా మీద పోగు తెగింది, నా సాంచా మీద గూడ. నేను నా పోగు అందుకునే సరికి బావ మళ్ల లోపలికి వచ్చి తన పోగు ముడేసుకుంటుండు.