కూలీల బస్సుకు తెల్ల చేతి తొడుగులు

ఎండలో కాగిన రెగ్జిన్ సీటు వాసన తగిలితే నాకు పాత కోపం లేస్తుంది. మొన్న మా ఊరి బస్టాండులో అదే జరిగింది. నేను ఎక్కిన బస్సు డ్రైవరు వెనక్కి చూడకుండా, ఒక్క హారన్ కొట్టి బండిని వెనక్కి తీయబోయాడు. నా చూపుడువేలు దానంతటదే లేచింది. ఆ వేలికి పని నేర్పినవాడు మోరీ గారు, జపాన్ మనిషి.

డెబ్బైల్లో మా అక్క నర్సుగా ఒమన్ వెళ్తే, వెంట నేనూ వెళ్లి, అక్కడ ఘాలా అనే చోట ఒక కంపెనీ గ్యారేజీలో బస్సులు తుడిచే పనికి కుదిరాను. కూలీలను సైట్లకు తీసుకెళ్లే బస్సులు అవి. వాటికి ఇన్‌చార్జి మోరీ గారు. అంతకుముందు తన దేశంలో బుల్లెట్ రైల్లో కండక్టరుగా చేశాడట. అంత దుమ్ములోనూ చేతులకు తెల్లటి తొడుగులు. బస్సు కదిలేముందు చుట్టూ తిరిగి అద్దానికి, తలుపుకి, చక్రానికి వేలు చూపి పైకి చెప్పేవాడు. చివరికి నేలకు వంగి, "కింద ఖాళీ!" అనేవాడు. మధ్యాహ్నం అక్కడ నీడంటే బస్సు కిందే మరి. అలసిన మనుషులు అందులోకి దూరి పడుకునేవాళ్లు. లోపలి సీట్లు చూసి దిగేటప్పుడు మోరీ గారు ఖాళీ బస్సు వైపు తిరిగి తల వంచేవాడు. తన రైల్లో కండక్టర్లందరూ అలాగే చేసేవారట.

కరీంనగర్ నుంచి వచ్చిన డ్రైవర్ మల్లయ్యకు అదంతా తమాషా. "ఏంది మోరీ సాబ్, ఖాళీ సీట్లకు సలామా? అవి మల్ల సలాం గొడ్తయా?" అనేవాడు. మోరీ గారు వచ్చీరాని హిందీలో, "కూర్చున్నవాళ్లకు. మళ్లీ కూర్చునేవాళ్లకు," అనేవాడు. ఆ తనిఖీ నాకూ నేర్పాడు; నేను ఊరికే చూసి తల ఊపితే ఒప్పుకునేవాడు కాదు. "కన్ను అలవాటుపడి చూడటం మానేస్తుంది. వేలు పెట్టు. గట్టిగా చెప్పు. నీ చెవికి వినపడాలి."

మేనేజరుకు ఇదంతా దండగ. బస్సులు ఆలస్యమవుతున్నాయని ఒకరోజు అందరి ముందూ కేకలేశాడు. "ఇదేమన్నా నీ బుల్లెట్ రైలా? ఎక్కేది లేబర్. హారన్ కొడితే చాలు!" మోరీ గారు తొడుగులు సర్దుకుని, "ప్రయాణికులు," అన్నాడు. అంతే. ఆ వారంలోనే ఆయన్ని ఎక్కడో దూరాన సమాయిల్ ఊళ్లో ఉన్న టైర్ల గోదాముకు పంపేశారు. మనుషులను అంత పదిలంగా చూసినవాడికి టైర్ల కాపలా!

తనిఖీలు మానెయ్యమన్నారు. నేను మానలేదు. ఒక మధ్యాహ్నం మల్లయ్య ఇంజన్ స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. నేను వంగి వేలు చూపితే, ఎదురుగా రెండు పాదాలు. "ఆపు మల్లన్నా!" అని చీపురుకట్టతో బస్సు రేకు బాదాను. సిమెంటు పనివాడొకడు కళ్లు నులుముకుంటూ బయటికి పాకాడు. పొద్దస్తమానం హారన్లు మోగే గ్యారేజీలో ఆ హారన్‌కు అతనికి మెలకువే రాలేదు. మల్లయ్య దిగి వచ్చి అతని కాళ్లూ చేతులూ తడిమి చూశాడు. బస్సెందుకు ఆగిందని మేనేజరు వస్తే, "సాబ్, మనిషి పాణం వొయ్యేది! నా చేతుల్తోటి సంపేటోన్ని! మోరీ సాబ్‌ను మల్ల పిలువుండ్రి," అన్నాడు. మేనేజరు నవ్వాడు. "ఏమీ కాలేదు కదా, పోనీ," అన్నాడు. పైగా పడుకున్నవాణ్ణే తిట్టాడు.

ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇవాళ్టికీ మంట. మోరీ గారిని ఎవరూ వెనక్కి పిలవలేదు. మర్నాటి నుంచి మల్లయ్యే వంగి వేలు చూపేవాడు; మేనేజరు కనబడితే ఇంకాస్త గట్టిగా అరిచి చెప్పేవాడు.

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. వేలు పెట్టి పైకి చదువుతుంటే, "మనసులో చదువుకోండమ్మా," అనేది పంతులమ్మ. నాకలా రాదు. రానివ్వను కూడా.

మొన్న బస్టాండులో బండి ఆపమని అరిచాను. "ఏమీ కాలేదుగా మామ్మగారూ, కూర్చోండి," అని డ్రైవరు నవ్వాడు. అదే మాట! నేను కూర్చోలేదు. కర్ర పట్టుకుని దిగి, బస్సు వెనక్కి నడిచి, వంగగలిగినంత వంగి, వేలు చూపి, బస్టాండంతా వినేలా చెప్పాను: "కింద ఖాళీ. వెనక ఖాళీ. ఇప్పుడు పోనీ."