ఎనిమిదో రోజున తెరవని గ్రిల్లు

మా స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మగారికి నేను ఇప్పటికీ వందనం చెప్పను. ఆదివారం గుడి మెట్ల మీద ఎదురుపడితే ఆవిడే చెబుతుంది, చెయ్యి కూడా చాపుతుంది. నేను పాటల పుస్తకం సర్దుకుంటున్నట్టు తల దించుకుని లోపలికి పోతాను. విశ్వాసి చెయ్యాల్సిన పని కాదది. నేను చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి కూతుర్ని. బడిలో వేయకముందే వాక్యం కంఠతా పట్టినదాన్ని. క్షమించమని ఎక్కడెక్కడ రాసి ఉందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మా అక్కకి గొంతు దగ్గర గడ్డ లేచింది. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశాక, ఇంకా మిగిలిన కణాల్ని చంపడానికి రేడియోధార్మిక అయోడిన్ మింగించాలన్నారు. దానికి ముందు రెండు వారాలు చేప ముట్టకూడదు, అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు వాడకూడదు. గోదావరి జిల్లాలో పుట్టి చేప లేకుండా రెండు వారాలు అన్నం తిన్న అక్క, రోగం కంటే ఆ పథ్యాన్నే ఎక్కువ తిట్టుకుంది.

మందిచ్చే రోజు నేనే పక్కనున్నాను. ఒకతను మందపాటి సీసపు డబ్బా తోపుడు బండి మీద తెచ్చాడు. అక్క మాత్ర మింగగానే అందరూ బయటికి వచ్చేశారు, నన్నూ రమ్మన్నారు. తర్వాత డాక్టరుగారు అక్కతో మాట్లాడింది ఫోన్లోనే, గోడకి ఇవతల నుంచి. ప్రాణం నిలబెడుతుందంటూ ఇచ్చిన మందుకి ఇచ్చినవాళ్లే అంత దూరం జరగడం చూసి నాకు ఒళ్లు మండింది. ఆ గది బయట కూర్చున్నప్పుడే ఈ పదార్థాల చరిత్ర ఫోన్లో చదివాను. రేడియం అనే పదార్థాన్ని మొదట కనుక్కున్నవాళ్లు, చీకట్లో మెరుస్తోందని ముచ్చటపడి దాన్ని మంచం పక్కన పెట్టుకున్నారట. తర్వాత గడియారం అంకెలకి పూశారట. ఆ పూసే ఆడపిల్లలు కుంచె మొనని పెదాలతో సన్నం చేసుకునేవాళ్లట. వాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయేదాకా ఏమీ కాదని చెప్పినవాళ్లు పెద్ద మనుషులే. వెలుగు కనపడితే చాలు, మనిషి బుద్ధి పక్కన పెట్టేస్తాడు.

ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. కొన్నాళ్లు ఒంట్లోంచి కిరణాలు వస్తాయి కాబట్టి విడిగా పడుకోవాలి, కంచం, బట్టలు విడిగా కడగాలి, నీళ్లు బాగా తాగాలి. చంటిపిల్లలకీ గర్భిణులకీ మూడు వారాలు దూరంగా ఉండాలి. ఆ ఆఖరి మాట కింద డాక్టరుగారు పెన్నుతో రెండు గీతలు గీశారు. ఎందుకంటే అక్క కోడలికి ఐదో నెల. అంతకు ముందు రెండుసార్లు గర్భం నిలవలేదు. అందుకే అక్కని రామచంద్రపురంలో కొడుకింటికి పంపకుండా తణుకు దగ్గర మా ఇంటికి తీసుకొచ్చాను. పై గది, దానికి విడిగా బాత్రూమ్. ఆ కడుపులో బిడ్డ దక్కాలంటే అత్తాకోడళ్లు మూడు వారాలు కలవకూడదు. అంతకుమించి నాకు వేరే ఆలోచన లేదు.

తప్పు నా నోటి నుంచే మొదలైంది. అక్కని తెచ్చిన మూడో రోజు స్త్రీల సమాజం కూడికలో రెండు మాటలు చెప్పమన్నారు. ఈ అయోడిన్ ఎనిమిది రోజులకోసారి సగమైపోతుందని డాక్టరుగారు చెప్పారు. అంతవరకు చెప్పి కూర్చుంటే సరిపోయేది. నేను కూర్చోలేదు. కుష్ఠు తగ్గినవాడు ఏడు రోజులు బయట ఉండి, ఎనిమిదో రోజున యాజకుడి ముందుకి రావాలని పాత ధర్మశాస్త్రంలో ఉంది కదా, చూశారా, సైన్సు ఇప్పుడు కనుక్కున్నది దేవుడు ఎప్పుడో చెప్పాడు అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నాన్నగారి కూతురనిపించుకున్నానని నేను పొంగిపోయాను.

ప్రెసిడెంటమ్మగారు ఆ మాట పట్టుకుంది. నాకు చెప్పకుండా అక్క కోడలికి ఫోన్ చేసి, ఎనిమిదో రోజున మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టేసింది. మా సంఘంలో ఒక అలవాటుంది. జబ్బు నుంచి లేచిన మనిషినీ గర్భిణినీ ఒకే చాప మీద పక్కపక్కన కూర్చోబెడతారు. లేచిన మనిషి గర్భిణి కడుపు మీద చెయ్యి పెట్టి ఉంచాలి. పొద్దున మొదలెడితే సాయంత్రం దాకా చుట్టూ కూర్చుని ప్రార్థిస్తారు. నా పెళ్లయిన కొత్తలో నన్నూ అలా కూర్చోబెట్టారు.

ఆ రోజు ఉదయం నేను గుమ్మం కడుగుతుంటే ఆటో ఆగింది. ప్రెసిడెంటమ్మగారు, ఇంకో ముగ్గురు దిగారు. ఆటో లోపల అక్క కోడలు కూర్చుని ఉంది. తెల్లారకముందే బయలుదేరి రావులపాలెం మీదుగా బస్సులో వచ్చిందట. నేను చీపురు పక్కన పడేసి, గ్రిల్లు వేసి తాళం పెట్టాను.

"అదేంటమ్మా, దేవుడి పని మీద వస్తే తాళం వేస్తావేంటి?"

"మీరు నలుగురూ కింద హాల్లో కూర్చుంటానంటే తీస్తానండి. ఆ పిల్ల మాత్రం రాకూడదు. ఇంకా రెండు వారాలు ఆగాలి."

"ఎనిమిదో రోజు అన్నది నువ్వే కదా? మేమందరం విన్నాం."

"అన్నానండి. తప్పు చెప్పాను. ఎనిమిది రోజులకి సగం పోతుందంటే సగం ఒంట్లో ఉన్నట్టేగా. దాన్ని తీసుకెళ్లి శుద్ధి అయిపోవడంతో ముడిపెట్టాను. బుద్ధిలేని పని చేశాను."

"అంటే వాక్యం తప్పంటావా?"

"వాక్యం తప్పు కాదండి. నేను తప్పు."

ఆవిడ వెనక్కి తిరిగి మిగతావాళ్లతో అంది. "విన్నారా? వాళ్ల నాన్నగారు పాము కరిచినవాడి పక్కన కూడా మోకాళ్లూనిన మనిషి. ఈవిడేమో ఆసుపత్రి కాగితం చూసి వణుకుతోంది." మళ్లీ నా వైపు తిరిగింది. "ఆ కిరణాలు మాత్రం ఎవరు చేశారమ్మా? దేవుడు కాదూ? దేవుడి బిడ్డనేం చేస్తాయి?"

"పామునీ ఆయనే చేశాడండి. మీ మనవణ్ణి తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టండి, చూద్దాం."

ఆవిడ మొహం ఎర్రబడింది. ఈలోగా ఆ పిల్ల ఆటో దిగి గ్రిల్లు దాకా వచ్చింది.

"తియ్యండి చిన్నత్తయ్యగారూ. రెండు పోయాయి నాకు. ఈసారైనా అత్తయ్యగారి చెయ్యి పడితే నిలుస్తుందేమోనని వచ్చాను."

"రెండు పోయాయి కాబట్టే తియ్యను. నువ్వెళ్లి ఆటోలో కూర్చో."

"మీకు పిల్లల్లేరు. మీకేం తెలుస్తుందండీ?"

నేను తాళంచెవి జాకెట్లో దోపుకున్నాను. కేకలు విని అక్క పైనుంచి మెట్లు దిగడం మొదలెట్టింది.

"అక్కా, అక్కడే ఆగు. ఇంకొక్క మెట్టు దిగావంటే ఊరుకోను."

"నా కోడలే నా కోసం వచ్చింది. ఒక్కసారి ముట్టుకోనీ. నువ్వు నా చెల్లెలివా, గేటు దగ్గర బంట్రోతువా?"

"బంట్రోతునే. పైకెళ్లు."

అక్క వెళ్లలేదు, దిగనూలేదు. మెట్ల మీదే కూలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అక్కని పట్టుకోవడానికి నేను కూడా దగ్గరికి వెళ్లలేదు. గ్రిల్లు వదిలితే ఆ నలుగురూ ఏం చేస్తారోనని.

ప్రెసిడెంటమ్మగారు వీధిలోనే చేతులెత్తి ప్రార్థన చేసింది. ఈ ఇంట్లో అవిశ్వాసపు ఆత్మ ఉంది ప్రభువా, దాన్ని గద్దించు అని. పక్కింటివాళ్లు బాల్కనీలోకి వచ్చి చూస్తున్నారు. బైబిల్లో కుష్ఠు సోకి, గుడారాల పాళెం బయట ఏడు రోజులు ఉండిపోయిన ఒక స్త్రీ కోసం జనమంతా ప్రయాణం ఆపుకుని కాచుకున్నారని ఆవిడే మాకు ఎన్నోసార్లు బోధించింది. మా అక్క కోసం ఇంకో రెండు వారాలు కాచుకోవడానికి మాత్రం ఆవిడకి ఓపిక లేకపోయింది. కూడిక జరగాలి, సాక్ష్యం చెప్పుకోవాలి, అంతే. గంట తర్వాత ఆటో తిరిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఐదు నిమిషాలు దూరంగా నిలబడి మాట్లాడుకుంటే పరవాలేదమ్మా, రోజంతా పక్కన కూర్చోబెట్టి కడుపు మీద చెయ్యి పెట్టడమంటే మాత్రం ఎందుకు ఆ పని అన్నారు. అక్కకి చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుంది. మూడు వారాలు నిండాక కొడుకొస్తే బ్యాగు పట్టుకుని వెళ్లిపోయింది. వెళ్తున్నానని నాతో చెప్పలేదు.

సండే స్కూల్లో నా తరగతి ఇంకొకరికిచ్చారు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు. నేను అడిగినదెప్పుడు?

ఆడపిల్ల పుట్టింది. ఆరోగ్యంగా, బొద్దుగా ఉంది. కృతజ్ఞతా కూడిక మా గుడిలోనే పెట్టారు. నన్ను ఎవరూ పిలవలేదు, నేనే వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ప్రెసిడెంటమ్మగారు బిడ్డని ఎత్తి పట్టుకుని, మూసిన తలుపు ముందు మేము చేసిన ప్రార్థనకి జవాబు ఈ బిడ్డ అంది. అక్క తల ఊపింది. గుడి మొత్తం ఆమేన్ అంది. నేను అనలేదు. బిడ్డని మాత్రం, ఆవిడ చేతుల్లో కాళ్లు తన్నుకుంటున్నంతసేపూ చూశాను. రెండు కాళ్లూ, రెండు చేతులూ, గట్టి గొంతు.