ఆదివారమే వండిన వారం కూరలు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లేదని నాకో గట్టి నమ్మకం. బడిలో పంతులమ్మగా చేరి ఆరు నెలలు, పెళ్లయి మూడు నెలలు. ఇంతకన్నా అనుభవం మనిషికెందుకు? గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ మాది. మా ఆయనకు పొద్దున్నే షిఫ్టు, నాకు బడి, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. రోజూ వంటింట్లో హడావిడే. అందుకని ఏదో వారపత్రికలో చదివి, వారానికి సరిపడా కూరలు ఆదివారమే వండేస్తానని ప్రకటించాను.

"గిప్పుడు వండి శుక్రారం తింటమా?" అని అత్తమ్మ నోరు తెరిచింది.

"ఫికర్ చెయ్యకుండ్రి అత్తమ్మా, పట్నంల అందరు గిట్లనే చేస్తున్నరు" అన్నాను (పట్నంలో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు).

చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చకుండా సాయంత్రం దాకా వండాను. పెళ్లికి కానుకగా వచ్చిన ఒకేలాంటి స్టీలు డబ్బాల్లో సర్ది, పేర్లు రాసిన చీటీలు అంటించాను. చారుకని చింతపండు గుజ్జు కూడా ఒక డబ్బా నిండా తీసిపెట్టాను. బుధవారం పొద్దున ఫ్రిజ్ తెరిస్తే, చెమ్మకు చీటీలన్నీ ఊడి కింద పడి ఉన్నాయి. మూతలు తీసి చూసే తీరిక ఎక్కడిది? ఒక డబ్బా చేత్తో ఊపి చూసి, ఇదే వంకాయ కూర అని తేల్చేసి, అన్నంతోపాటు మా ఆయన సంచిలో పెట్టాను.

సాయంత్రం "కూర ఎట్లుండె?" అని ఆశగా అడిగాను.

"పుల్లగుండె."

"జర చింతపండు ఎక్కువైందేమో."

"జర కాదు, అంతా చింతపండే! మా పెండ్లం వారానికి సరిపోను వండిందని బాయిల అందరికి చెప్పుకున్న. నలుగురు వచ్చి సుట్టూ కూసున్నరు. మూత తీస్తే గుజ్జు! పులిహోర అనుకొని తిను అని ఒకటే నవ్వుడు. ఆఖరికి గాళ్లే తలా ఇంత కూర పెట్టిండ్రు."

నాకు ఏడుపొక్కటే తక్కువ. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. ఆమెను చూసి మా ఆయన, ఆయన్ను చూసి నేను.

"కూరలు కాదు బిడ్డా, పని ముందుగాల చేసి పెట్టుకోవాలె" అంది అత్తమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "మాపటికే కూసొని కూరగాయలు నేను కోసిపెడ్త. వీడు ఎల్లిపాయలు పొట్టు తీస్తడు. పొద్దుగాల నువ్వు పోపేసి దించుడే."

"నేనా?" అన్నాడు మా ఆయన.

"తినుడు వస్తది గాని, పొట్టు తీసుడు రాదా?"

ఆ డబ్బాలు ఖాళీ అయినప్పటి నుంచి అరగంటలో వంట అయిపోయేది. ఇప్పుడు అత్తమ్మ లేదు; వంట మాత్రం ఇద్దరం పంచుకుని నిమ్మళంగా చేసుకుంటాం. ఏడు రోజుల్ని ఒక్క పూటలో గెలిచేస్తానని పొయ్యి ముందు నిలబడిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. అంత ధైర్యం మాత్రం మళ్లీ ఎన్నడూ రాలేదు నాకు.